వేరుశనగ నిల్వలో ఎర్రటి చిన్న పురుగు: ఫొటోలను బట్టి గుర్తించగలరా?

పాకాల రైతు
నవంబరు 14, ఉదయం 6:50

సభ్యులందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గరి పల్లె. ఖరీఫ్‌లో వర్షాధారంగా వేసిన వేరుశనగను గత నెల చివరలో పెరికాము. కాయలు వేరుచేయడం పూర్తి కాకముందే వాన పట్టుకోవడంతో సగం పంటను కల్లంలోనే వామిగా వేసి, పైన పట్ట కప్పవలసి వచ్చింది. పది రోజుల తరువాత ఎండ కాసినప్పుడు పట్ట తీసి చూస్తే, వామి అడుగున, కాయల సందుల్లో ఎర్రటి చిన్న పురుగులు వందల కొద్దీ పరుగులు పెడుతున్నాయి. ఆవగింజ కంటే కొంచెం పెద్దగా ఉన్నాయి. వాటి మధ్య ముదురు గోధుమ రంగులో సన్నగా, పొడవుగా ఉన్న పురుగులు కూడా కొన్ని కనిపించాయి, కాని అవి అదే పురుగుకు తల్లులో, వేరే రకమో నాకు తెలియలేదు.

మూడు ఫొటోలు జతచేస్తున్నాను. రాత్రి గదిలో బల్బు వెలుగులో తీసినవి కాబట్టి అంత స్పష్టంగా లేవు. ఈ కాయల్లో నాలుగు బస్తాలు వచ్చే సంవత్సరం విత్తనానికి అట్టిపెట్టుకున్నవి, మిగిలినవి ఇంట్లో తినడానికి, నూనె ఆడించడానికి. కొన్ని కాయలు ఒలిచి చూస్తే పైపెంకుకు ఏ రంధ్రమూ లేదు, లోపలి గింజ మాత్రం ముడుచుకుపోయి ఉంది. మందుల అంగడిలో చెబితే "అది నల్లి" అని మిరపతోటకు వాడే నల్లి మందు చేతిలో పెట్టారు. తినే గింజ మీద దానిని చల్లడానికి మనసొప్పక సీసాను మూత కూడా తీయకుండా పక్కన పెట్టాను. ఇది ఏ పురుగో తెలిస్తే ఏం చేయాలో ఆలోచించుకుంటాను.

కర్నూలు పత్తి రైతు
నవంబరు 14, ఉదయం 8:15

అన్నా, ఇది ఖచ్చితంగా పత్తిలో వచ్చే ఎర్ర నల్లి. మా చేలలో కాయ పగిలే సమయంలో గుంపులు గుంపులుగా ఇలాగే ఉంటుంది. దాని పిల్ల పురుగులు నెత్తుటి ఎరుపులో ఉంటాయి. ఆలస్యం చేయకుండా పురుగుమందు కొట్టండి.

కీటకశాస్త్ర విద్యార్థిని, తిరుపతి
నవంబరు 14, ఉదయం 9:40

రైతు గారూ, మీరు మందు చల్లకుండా ఆగి అడగడం చాలా మంచిదైంది. ముందుగా "నల్లి" అన్న మాట దగ్గరే ఒక విషయం తేల్చుకోవాలి, ఎందుకంటే మీకు పొరపాటు మందు చేతికి రావడానికి కారణం ఆ మాటే. మనం ఇంట్లో మంచాల్లో ఉండే రక్తం పీల్చే కీటకాన్ని నల్లి అంటాము. పత్తిలో గింజల రసం పీల్చే ఎర్రటి కీటకాన్నీ నల్లి అంటాము. మిరపలో, కొబ్బరిలో కంటికి ఆనని అతి చిన్న జీవిని కూడా అదే పేరుతో పిలుస్తాము. మొదటి రెండూ ఆరు కాళ్ల కీటకాలు. మూడవది సాలీడుకు దగ్గరి బంధువు, దానికి సాధారణంగా ఎనిమిది కాళ్లు ఉంటాయి, మీసాలు ఉండవు. నల్లి మందులన్న పేరుతో అమ్మే వాటిలో చాలా వరకు ఆ మూడవ రకం మీద పనిచేయడానికే తయారైనవి.

మీ రెండవ ఫొటో మసకగా ఉన్నా, ఒక పురుగు పక్కకు తిరిగి ఉండటం వల్ల ఒక వైపు మూడు కాళ్లు, తల ముందు ఒక మీసం తెలుస్తున్నాయి. కాబట్టి అది మిరప నల్లి కాదు. ఇంతవరకు నేను నమ్మకంగా చెప్పగలను. పత్తి ఎర్ర నల్లి అనడానికి మాత్రం ఎరుపు రంగు ఒక్కటే చాలదు. బల్బు వెలుగులో సెల్‌ఫోను గోధుమ రంగును కూడా ఎర్రగా చూపిస్తుంది. మొదటి ఫొటోలో గోనెసంచి సైతం ఎర్రబడి ఉండటం గమనించండి.

మళ్లీ ఫొటోలు తీయగలిగితే నాకు నాలుగు కోణాలు కావాలి: పెద్ద పురుగును పైనుంచి, పక్కనుంచి, వెల్లకిలా తిప్పి కింది వైపు నుంచి, ఆ పైన ఎర్రటి పిల్ల పురుగు వీపు. పక్కన కొలత తెలిసే వస్తువు ఏదైనా ఉండాలి.

చంద్రగిరి మాస్టారు
నవంబరు 14, ఉదయం 11:05

మా తాతగారి కాలం నుంచి వేరుశనగ నిల్వల్లో నేను చూసినది పుచ్చు పురుగు. చింతకాయలోనూ అదే పడుతుంది. శాస్త్రీయంగా దానిని కారియెడాన్ సెరాటస్ అంటారు. అది గట్టి రెక్కల పెంకు పురుగు జాతిది. ఈ రైతు చెబుతున్నది అదే కాదా అన్న అనుమానం నాకు మొదట కలిగింది. అయితే పుచ్చు పురుగు పట్టిన కాయకు గుండ్రటి రంధ్రం ఉంటుంది, గింజ లోపల తొలిచినట్లు ఖాళీ అవుతుంది. ఇక్కడ పెంకు చెక్కుచెదరకుండా గింజ ముడుచుకుందని రాశారు. కాబట్టి నా అనుమానాన్ని నేనే విరమించుకుంటున్నాను. నమిలే నోరున్న పురుగు ఇలా చేయలేదు, పెంకు బయట నిలబడి సూది వంటి నోటితో పీల్చే పురుగు పనే ఇది.

శేషాచలం ఛాయాగ్రాహకుడు
నవంబరు 14, మధ్యాహ్నం 1:30

ఫొటో విషయంలో నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. పరుగెత్తే పురుగును వెంటాడి తీస్తే ఎప్పుడూ మసకే వస్తుంది. దానిని మూత ఉన్న చిన్న గాజుసీసాలో వేసి అయిదారు నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి, గడ్డకట్టే పైఅరలో మాత్రం వద్దు. బయటికి తీశాక ఒకటి రెండు నిమిషాల పాటు అది కదలకుండా ఉంటుంది. ఆ లోపల పిల్లల లెక్కల నోటుపుస్తకంలోని గ్రాఫ్ కాగితం మీద ఉంచి తీయండి. ఆ కాగితంలో చిన్న గడి ఒక మిల్లీమీటరు కాబట్టి కొలత కూడా అందులోనే వచ్చేస్తుంది. గ్రాఫ్ కాగితం దొరకకపోతే పది రూపాయల నాణెం పక్కన పెట్టండి, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. ఫ్లాష్ వాడవద్దు, పురుగు వీపు నున్నగా ఉంటే వెలుగు పడిన చోట తెల్లటి మచ్చ తప్ప మరేమీ కనిపించదు. ఉదయం వేళ వరండా నీడలో, ఒక పక్క తెల్లకాగితాన్ని ఆనించి తీస్తే రంగు సరిగ్గా వస్తుంది. ఫోనును పురుగు మీదికి మరీ దగ్గరగా పెట్టకుండా, కాస్త దూరంగా తీసి తరువాత కత్తిరించుకోవడం మేలు.

నిల్వల పరిశీలకుడు
నవంబరు 14, సాయంత్రం 7:20

ఇంకొక అవకాశాన్ని కూడా కొట్టివేయకముందు పరిశీలించాలి. గోదాముల్లో, కాయల నిల్వల్లో జైలోకోరిస్ ఫ్లావిపెస్ అనే రెండు మిల్లీమీటర్ల నల్లి ఒకటి ఉంటుంది. అది గింజ జోలికి వెళ్లదు. చిలక పురుగుల గుడ్లను, పెంకు పురుగుల చిన్న పిల్లలను పీల్చి చంపుతుంది. దాని పిల్ల పురుగులు కూడా పసుపు, నారింజ ఛాయల్లో ఉండి, ఇలాగే చురుగ్గా పరుగెడతాయి. మన నిల్వలకు కాపలా కాసే పురుగును మనమే చంపుకోకూడదు కదా. దాని తొండానికి మూడు కణుపులే ఉంటాయి, ముందురెక్క అంచున ముక్కోణపు చిన్న తునక ఒకటి విడిగా కనిపిస్తుంది. పక్కనుంచి తీసిన ఫొటో ఒక్కటి ఉంటే తేలిపోతుంది.

పాకాల రైతు
నవంబరు 15, ఉదయం 8:30

మీరు చెప్పినట్లే ఈ ఉదయం వరండాలో ఎనిమిది ఫొటోలు తీసి పెడుతున్నాను. గోధుమ రంగు పురుగు గ్రాఫ్ కాగితం మీద తొమ్మిది గడుల పొడవు, రెండున్నర గడుల వెడల్పు వచ్చింది. ఎర్రటివి రెండు గడులలోపే ఉన్నాయి. రెంటికీ మధ్య అయిదారు గడుల పొడవున్నవి కూడా దొరికాయి, వాటి ఎరుపు తగ్గి నల్లబడుతోంది, వీపు మీద రెక్కల మొలకలు ఉన్నాయి. ఒకదానిని నలిపితే ఘాటైన వాసన వచ్చింది.

కీటకశాస్త్ర విద్యార్థిని, తిరుపతి
నవంబరు 15, ఉదయం 11:50

రైతు గారూ, ఈ ఫొటోలు నిన్నటి వాటికి ఎంతో మెరుగ్గా ఉన్నాయి. మధ్య వయసు పురుగులను వెతికి కొలిచి పెట్టడం వల్ల ఒక పెద్ద చిక్కు విడిపోయింది. ఎరుపు నుంచి నలుపు కలిసిన గోధుమకు మెల్లగా మారుతున్న వరుస కనిపిస్తోంది కాబట్టి మీరు చూసిన రెండు రకాలూ ఒకే పురుగు పిల్లలు, తల్లులూ అని ఒప్పుకోవచ్చు. ఈ జాతుల్లో ప్యూపా దశ ఉండదు, పిల్ల పురుగు అయిదు దశల్లో పెరుగుతూ, ప్రతిసారీ చర్మం విడిచి, చివరికి రెక్కలు వచ్చిన తల్లి పురుగు అవుతుంది.

ఇప్పుడు ఒక్కొక్క ఫొటో నాకు ఏమి చెబుతోందో వివరిస్తాను. నేను అన్న మాటకు ఆధారం ఏ ఫొటోలో ఉందో మీరు కూడా చూసి సరిచూసుకోవచ్చు.

నాలుగవ ఫొటో పక్కనుంచి తీసినది. తొండం తల కింద మొదలై కాళ్ల మధ్యకు నిటారుగా పడుకుని ఉంది. నేను పెద్దది చేసి చూస్తే నాలుగు కణుపులు లెక్కకు వచ్చాయి. అందువల్ల మూడు కణుపులున్న జైలోకోరిస్ కాదు. తొమ్మిది మిల్లీమీటర్ల పొడవు కూడా దానికి చాలా ఎక్కువ. మీసాలు కూడా నాలుగు కణుపులే, అవి కంటికి కాస్త దిగువగా మొలిచాయి.

మొదటి ఫొటోలో పైనుంచి చూస్తే, ముందురెక్కలో సగం తోలులా మందంగా, చివర సగం పలుచటి పొరగా ఉంది. ఆ పొరలో నరాలు నాలుగో అయిదో మాత్రమే కనిపిస్తున్నాయి. చిక్కుడు వంటి పంటల మీద ఉండే పెద్ద కాయనల్లుల పొరలో నరాలు చాలా ఎక్కువ. రెక్క అంచున ముక్కోణపు తునక లేదు. తల మీద, రెండు పెద్ద కళ్ల మధ్య, రెండు చిన్న మెరిసే చుక్కలు ఉన్నాయి. అవి సరళ నేత్రాలు. పత్తి ఎర్ర నల్లి కుటుంబమైన పిర్రోకోరిడేలో అవి ఉండవు. అంతేకాక తల్లి పురుగు మీద ఎరుపు ఛాయ కూడా లేదు. పత్తి ఎర్ర నల్లి అయిన డిస్‌డర్కస్ సింగ్యులేటస్ పెద్దదయ్యాక కూడా ఎర్రగానే ఉంటుంది, పొట్ట కింద తెల్లటి పట్టీలు ఉంటాయి.

ఆరవ ఫొటో అన్నిటికంటే విలువైనది. ముందుకాళ్ల తొడలు మిగిలిన నాలుగు కాళ్ల తొడల కంటే స్పష్టంగా లావుగా ఉన్నాయి, వాటి అడుగున చిన్న ముళ్లు ఉన్నాయి. గింజల మీద బతికే నల్లుల్లో ఈ లక్షణం రైపరోక్రోమిడే కుటుంబం వైపు బలంగా చూపిస్తుంది. ఒకప్పుడు వీటన్నిటినీ లైగేయిడే అనే ఒకే పెద్ద కుటుంబంలో ఉంచేవారు. 1997లో థామస్ హెన్రీ అనే అమెరికా శాస్త్రవేత్త వాటి బంధుత్వాలను పరిశీలించి దానిని పలు కుటుంబాలుగా విడదీశారు, అందువల్ల పాత పుస్తకాలు తిరగేస్తే ఈ పురుగు కుటుంబం పేరు వేరుగా కనిపిస్తుంది.

వక్షపు పైపలకకు రెండు పక్కలా అంచు రేకులా పలుచబడి, లేత రంగులో ఉండటం కూడా గమనించండి. వేరుశనగ నిల్వ, రంధ్రం లేని పెంకు, ముడుచుకున్న గింజ, ఎర్రటి పిల్లలు, రేకు అంచు, ఈ అయిదూ కలిపి చూస్తే నాకు తోచే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఎలాస్మోలోమస్. ఆ గ్రీకు పేరుకు అర్థం కూడా "రేకు అంచు కలది" అనే. కుటుంబం విషయంలో నాకు గట్టి నమ్మకం ఉంది, ప్రజాతి విషయంలో చాలా వరకు ఉంది. జాతి పేరు మాత్రం ఈ ఫొటోల మీద చెప్పను.

కర్నూలు పత్తి రైతు
నవంబరు 15, మధ్యాహ్నం 12:40

అమ్మా, మీరు చెప్పినది శ్రద్ధగా చదివాను. తల్లి పురుగు విషయం ఒప్పుకుంటాను. కాని ఏడవ ఫొటోలోని ఎర్రటి పిల్ల పురుగు తల మీద ఆ రెండు చుక్కలు ఎంత వెతికినా లేవు. సరళ నేత్రాలు లేకపోతే అది పత్తి నల్లి కుటుంబమే అని కదా మీరు అన్నారు. మరి పిల్లలు ఒక జాతివి, తల్లులు ఒక జాతివి కాకూడదా?

కీటకశాస్త్ర విద్యార్థిని, తిరుపతి
నవంబరు 15, మధ్యాహ్నం 2:10

అన్నా, మీ ప్రశ్న సరైనది, తప్పు నా వివరణలో ఉంది. ఆ పరీక్ష రెక్కలు వచ్చిన తల్లి పురుగుకు మాత్రమే చెల్లుతుందని నేను రాసి ఉండవలసింది. నల్లులన్నిటిలో సరళ నేత్రాలు చివరిసారి చర్మం విడిచాకే ఏర్పడతాయి. పిల్ల పురుగులకు అవి ఏ కుటుంబంలోనూ ఉండవు. కాబట్టి పిల్ల పురుగు ఫొటోను చూసి సరళ నేత్రాలు లేవన్న కారణంతో పత్తి నల్లి అనకూడదు.

పిల్లలకు వేరే గుర్తు చూడాలి. ఏడవ ఫొటోలో పొట్ట వీపు మీద, నడిమధ్యగా, ఒకదాని వెనుక ఒకటిగా మూడు నల్లటి మచ్చలు ఉన్నాయి. అవి వాసన గ్రంథుల ద్వారాలు. రైతు గారికి నలిపినప్పుడు వచ్చిన ఘాటు వాసన అక్కడిదే. జిల్లేడు మీద ఎరుపు, నలుపు చారలతో కనిపించే నల్లులు ఇప్పటి అసలు లైగేయిడే కుటుంబానివి, వాటి పిల్లలకు ఈ ద్వారాలు రెండే ఉంటాయి. రైపరోక్రోమిడేలో సాధారణంగా మూడు. పత్తి నల్లి పిల్లలకు కూడా మూడే ఉంటాయి కాబట్టి ఈ గుర్తు మీ సందేహాన్ని పూర్తిగా తీర్చదని ఒప్పుకుంటున్నాను. అక్కడ నాకు ఆధారం పరిమాణాల వరుస, ఆ వరుస చివర ఉన్న తల్లి పురుగు, పురుగులు దొరికిన చోటు. పత్తి, బెండ, బూరుగ వంటి మొక్కల గింజలను ఆశించే నల్లి, చుట్టుపక్కల పత్తి లేని వేరుశనగ వామి అడుగున వందల సంఖ్యలో పిల్లలను పెట్టడం జరగదు.

కర్నూలు పత్తి రైతు
నవంబరు 15, మధ్యాహ్నం 2:35

అర్థమైందమ్మా. మందు కొట్టమని తొందరపడి చెప్పిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

విశ్రాంత వ్యవసాయాధికారి, చిత్తూరు
నవంబరు 15, రాత్రి 8:45

ఈ చర్చను ఉదయం నుంచి చదువుతున్నాను. విద్యార్థిని చెప్పిన పురుగును నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో చిత్తూరు జిల్లా కల్లాల్లో చాలాసార్లు చూశాను. అప్పటి పుస్తకాల్లో దాని పేరు అఫానస్ సోర్డిడస్ అని ఉండేది, ఆ తరువాత దానిని ఎలాస్మోలోమస్ ప్రజాతిలోకి మార్చారు. చేనులో ఉన్నప్పుడు కంటే, పెరికిన చెట్టును ఆరబెట్టడానికి పరచినప్పుడు, వామి వేసినప్పుడు ఎక్కువగా చేరుతుంది. పగలు ఆకుల అడుగున, చెత్త కింద దాక్కుంటుంది. అందుకే చాలామంది రైతులు పట్ట ఎత్తేదాకా దానిని చూడరు. గుడ్లను మట్టిలోనో, ఎండుతున్న వేరుశనగ కట్టెలోనో విడివిడిగా వదులుతుంది. నిల్వ గదికి చేరితే కాయల మధ్యే పెడుతుంది. నువ్వులను కూడా ఆశిస్తుంది కనుక, రైతు గారూ, మీ ఇంట్లో నువ్వులు ఉంటే ఆ సంచిని ఒకసారి విప్పి చూడండి.

నష్టం ఎలా జరుగుతుందో చెబుతాను. ఈ పురుగు తొండాన్ని పెంకు గుండా గింజలోకి దించి లాలాజలం వదులుతుంది, ఆ లాలాజలంతో మెత్తబడిన గింజ సారాన్ని పీల్చుకుంటుంది. పైకి రంధ్రం కనిపించదు. లోపల గింజ ముడుచుకుపోతుంది, నూనె శాతం తగ్గుతుంది, మిగిలిన నూనెలో ఆమ్లగుణం పెరిగి చేదు రుచి, ముక్క వాసన వస్తాయి. పిల్లలూ తల్లులూ అందరూ పీలుస్తారు. నూనె ఆడించడానికి తీసుకువెళ్లే ముందు ముడుచుకున్న గింజలను ఏరివేయండి. నాలుగు గింజలే కదా అని వదిలేస్తే గానుగలో ఆ రుచి మొత్తం నూనెకు అంటుకుంటుంది.

ఇక మందు విషయం. తినే కాయ మీద, విత్తనం కాయ మీద ఏ పురుగుమందూ నేరుగా చల్లవద్దు. వామిని పూర్తిగా విప్పి కట్టెను కల్లం నుంచి దూరంగా తరలించండి. కాయలను జల్లెడ పట్టి, పల్చగా పరచి, ఎర్రటి ఎండలో మూడు నాలుగు రోజులు తిరగవేస్తూ ఆరబెట్టండి. పురుగులు వేడికి నిలవలేక పక్కలకు పరుగెత్తుతాయి. అప్పుడు చుట్టూ పరచిన గోనెపట్టాల కిందికి చేరిన వాటిని ఊడ్చి సబ్బునీళ్లలో వేయవచ్చు. కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమనాలి. తేమ 8, 9 శాతానికి దిగిన తరువాతే బస్తాలకు ఎత్తండి. పాత బస్తాలైతే వాటిని తిరగవేసి దులిపి, వాటినీ ఎండలో వేయండి. నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు ఆనకుండా నిలపండి. విత్తనం కాయలను ఒలవకుండా పెంకుతోనే ఉంచండి.

పాకాల రైతు
నవంబరు 17, ఉదయం 6:20

సార్, మీ మాట ప్రకారం నిన్న వామి విప్పడం మొదలుపెట్టాము. కట్టెను పశువుల కొట్టం వెనక్కి తరలించాము, కాని వాన మబ్బు తొలగకపోవడంతో కాయలు ఇంకా వరండాలోనే పరచి ఉన్నాయి. నువ్వుల సంచిలో ఏమీ లేదు. ఒక సందేహం మిగిలింది. అమ్మాయి గారు జాతి పేరు చెప్పనన్నారు, సార్ పాత పేరు చెప్పారు. ఆ పేరునే ఖాయం చేసుకోవచ్చా?

కీటకశాస్త్ర విద్యార్థిని, తిరుపతి
నవంబరు 17, ఉదయం 10:15

సార్ చెప్పిన జీవనక్రమం మీరు చూసిన దానితో పూర్తిగా సరిపోతోంది, మీరు చేయవలసిన పనికి అది చాలు. అయినా పేరు ఖాయం చేయకపోవడానికి నా కారణం ఇది. వేరుశనగను ఆశించే ఎలాస్మోలోమస్‌కు పుస్తకాల్లో సోర్డిడస్ అన్న పేరుతో పాటు పాలెన్స్ అన్న పేరు కూడా కనిపిస్తుంది. డైయూకస్ వంటి దగ్గరి ప్రజాతులు పైనుంచి చూస్తే ఇలాగే సన్నగా, గోధుమ రంగులో ఉంటాయి. వాటిని విడదీసే గుర్తులు కొన్ని సూక్ష్మదర్శిని కింద తప్ప తెలియవు.

కుటుంబాన్ని సందేహం లేకుండా ఖాయం చేసే గుర్తు ఒకటి పొట్ట అడుగున ఉంటుంది. నాలుగు, అయిదు ఖండాల మధ్య అతుకు పక్కలకు వచ్చేసరికి తలవైపు వంగి, పొట్ట అంచును చేరకుండానే ఆగిపోతుంది. మీ ఆరవ ఫొటోలో కాళ్లు ముడుచుకుని ఉండటంతో ఆ చోటు నీడలో పడింది. వీలైతే నాలుగైదు తల్లి పురుగులను, ఒక్కొక్క పరిమాణంలో రెండేసి పిల్లలను సర్జికల్ స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేయండి. దొరికిన ఊరు, తేదీ, ఏ పంట మీద, ఎవరు పట్టారు అన్న వివరాలు చిన్న చీటీ మీద పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయండి. పెన్నుతో రాస్తే సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. తిరుపతికి వచ్చినప్పుడు ఎస్.వి. వ్యవసాయ కళాశాల కీటకశాస్త్ర విభాగంలో చూపించవచ్చు.

పాకాల రైతు
నవంబరు 20, సాయంత్రం 5:40

నిన్న తిరుపతిలో పని ఉండి సీసా వెంట తీసుకువెళ్లాను. సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్ను కూడా చూడనిచ్చారు. అమ్మాయి గారు చెప్పిన అతుకు నాకే స్పష్టంగా కనిపించింది: మిగిలిన అతుకులన్నీ అంచు దాకా నేరుగా వెళ్లగా, ఆ ఒక్కటి మాత్రం పక్కన పైకి వంగి మధ్యలోనే ఆగిపోయింది. రైపరోక్రోమిడే అన్నది ఖాయమని, ప్రజాతి ఎలాస్మోలోమస్ అని చెప్పారు. జాతి కోసం మగ పురుగులను విడదీసి చూడాలని ఆ సీసాను అక్కడే ఉంచుకున్నారు. సూక్ష్మదర్శినికి ఫోను ఆనించి తీసిన అతుకు ఫొటోను కింద జతచేస్తున్నాను, అంత గొప్పగా రాలేదు కాని వంపు తెలుస్తోంది.

కాయలకు మూడు రోజులు మంచి ఎండ దొరికింది. జల్లెడ కింద పడిన వాటిలో ఎర్రటి పిల్లలే ఎక్కువ. నిన్న, ఈ రోజు గోనెపట్టాల కింద ఒక్కటి కూడా దొరకలేదు. విత్తనానికి ఉంచిన నాలుగు బస్తాల నుంచి తలా ఇరవై అయిదు చొప్పున నూరు గింజలు ఒలిచి, తడిగుడ్డలో మూటకట్టి పెట్టాను. మొలకలు లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను. అంగడిలో ఇచ్చిన మందు సీసాను మూత తీయకుండానే తిరిగి ఇచ్చేశాను.

విశ్రాంత వ్యవసాయాధికారి, చిత్తూరు
నవంబరు 20, రాత్రి 9:05

చాలా సంతోషం. బస్తాలకు ఎత్తిన పదిహేను రోజులకు ఒకసారి ఒక బస్తా అడుగు నుంచి గుప్పెడు కాయలు తీసి, తెల్లగుడ్డ మీద పోసి చూడండి. గుడ్లు మిగిలి ఉంటే ఎర్రటి పిల్లలు ఆ లోపలే కనిపిస్తాయి.